గురువారం చప్పట్లు

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. ఆ సామెత కట్టినవాడెవడో గానీ, మా పైన్ ఫోర్క్‌లో గురువారం మధ్యాహ్నం కోర్టు చూసి ఉండడు. ఆ కోర్టులో జడ్జి నేరం సంగతి తర్వాత ఎత్తుతుంది. ముందు "నిద్ర పడుతోందా? మందులు పడుతున్నాయా?" అని అడుగుతుంది. ఫలానా ఆయన వారమంతా మానకుండా మాత్రలు వేసుకున్నాడని తెలిస్తే చాలు, ప్రాసిక్యూటర్‌తో సహా గదిలో ఉన్న వాళ్ళందరూ చప్పట్లు కొడతారు. మతి చెదిరి తప్పు చేసినవాళ్ళను జైలుకు పంపకుండా వైద్యానికి పంపే కోర్టు అది. కెంటకీ కొండల్లో, గనులు మూతబడ్డ మా బొగ్గు ఊళ్ళో ఇలాంటిదొకటి ఉందంటే పక్క కౌంటీ వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి. అది లేకపోతే ఒలీటా క్రాబ్‌ట్రీ ఈపాటికి జైల్లో ఊచలు లెక్కపెడుతూ ఉండేది, మేమేమో పంచదార వేసిన రొట్టెలు తింటూ ఉండేవాళ్ళం.

ఒలీటా మా ఊరి చిన్నపిల్లల బడిలో వంటమనిషి. ఇరవై ఏళ్ళ పైచిలుకు అక్కడే వండింది. పిల్లలూ, పిల్లల తల్లిదండ్రులూ, చివరికి హెడ్మాస్టరు కూడా ఆవిణ్ణి "మిస్ ఒలీటా" అనే పిలిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. "ఇంతమంది పిల్లలకి రోజూ అన్నం పెడుతుంటే ఇంకా ఇంట్లో కూడానా, నా వల్ల కాదమ్మా" అనేది. ఆవిడ చేతి మొక్కజొన్న రొట్టె తిని పెరగనివాడు మా ఊళ్ళో ఉంటే వాడు ఎక్కణ్ణుంచో వచ్చి చేరినవాడై ఉండాలి. మజ్జిగలో కలిపిన పిండిని, పంది కొవ్వు కాగిన పోత ఇనప పెనంలో పోసి, అడుగు ఎర్రగా కరకరలాడేదాకా పొయ్యిలో పెట్టి తీసేది. పంచదార చిటికెడు కూడా వేసేది కాదు. రొట్టెలో పంచదార వేసేవాళ్ళు కూడా ఉన్నారని ఆవిడ విన్నది. వాళ్ళ మీద ఆవిడకు జాలే తప్ప కోపం లేదు.

కోపం ఉన్నది పెనానికి సబ్బు తగిలించేవాళ్ళ మీద. మా వైపు ఇనప పెనం తల్లి నుంచి కూతురికి వస్తుంది. దాన్ని ఉప్పుతో రుద్ది తుడుస్తారు, నూనె రాస్తారు, అంతే. ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్లటి నునుపును సబ్బు ఒక్క పూటలో తినేస్తుంది. ఒకసారి కొత్తగా చేరిన సహాయకురాలు బడి పెనాన్ని సబ్బు నీళ్ళలో ముంచబోతే ఒలీటా మాట్లాడకుండా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుందట. "ఇంకోసారి ముంచావంటే నిన్నే ముంచుతాను తల్లీ" అని మాత్రం అన్నదట.

అంత మనిషికి, వాళ్ళమ్మ పోయిన మరుసటి వసంతంలో తలలో చప్పట్లు మొదలయ్యాయి.

ముందు అదేమిటో తెలియలేదు. ఎవరో గుంపుగా నిలబడి తాపీగా, వెక్కిరింతగా కొడుతున్నట్టు వినిపించేది. తర్వాత మాటలు వచ్చాయి. "భేష్ ఒలీటా. పసివాళ్ళకు విషం పెట్టావు, భేష్." వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. విషం లేదని తెలుసు. అయినా కూరను మళ్ళీ మళ్ళీ రుచి చూసేది, రుచి చూశాక పారబోసేది, మళ్ళీ వండేది. పన్నెండింటికి పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడితే కుండలు ఖాళీగా ఉండేవి. రెండుమూడుసార్లు సర్దుకున్నారు. తర్వాత ఉద్యోగం పోయింది. పాపం, వాళ్ళను మాత్రం ఏమనగలం, ఆకలేసిన పిల్లలకు జవాబు చెప్పుకోవాలి కదా.

డాక్టరు మాత్రలు ఇచ్చాడు. చప్పట్లు తగ్గాయి గానీ చేతులు వణకడం పట్టుకుంది. గరిటె పడితే పులుసు ఒలికిపోయేది. "చేతులు వణికే వంటమనిషి ఎవరికి కావాలి" అనుకుని మాత్రలు మానేసింది. ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్ళో కడుపునొప్పి వస్తే వీధంతా చెప్పుకుంటారు, తలలో నొప్పి వస్తే తలుపు వేసుకుంటారు. ఆ జబ్బు మా అందరికీ ఉంది.

ఆ అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే ఒలీటా ఇంటికి బయలుదేరింది. తన ఇంటికి కాదు, తాను పుట్టిన ఇంటికి. కొండ వాలు మీద, కోళ్ళ దొడ్డి పక్కనున్న ఆ ఇంట్లో క్రాబ్‌ట్రీలు ఒకప్పుడు అద్దెకుండేవారు. వాళ్ళు ఖాళీ చేశాక దాన్ని ఎమ్మెట్ స్లోన్ అనే బొగ్గు లారీ డ్రైవరు కొనుక్కుని ముప్పై ఏళ్ళుగా అందులోనే ఉంటున్నాడు. భార్య ఐవా పోయాక ఒక్కడే. మా ఊళ్ళో పగలు తలుపులకు గడియలు పెట్టరు. ఒలీటా లోపలికి వెళ్ళి, గోడకు వేలాడుతున్న పెనం తీసి, పొయ్యి వెలిగించి, అమ్మ వచ్చేలోగా రొట్టె చేసి పెట్టాలని మొదలుపెట్టింది. రొట్టె బాగా వచ్చింది. పళ్ళెంలోకి బోర్లించింది కూడా. ఇంతలో కోళ్ళకు మేత వేసి ఎమ్మెట్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వెవరు? మా ఇంట్లోకి ఎందుకొచ్చావు?" అని ఒలీటాయే అడిగింది.

ఆయన జవాబు చెప్పబోయాడు. తలలో గుంపు ఒక్కసారిగా చప్పట్లు అందుకుంది. చేతిలో ఉన్న పెనంతో కొట్టింది. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మణికట్టు విరిగిన చప్పుడు ఒలీటాకు చప్పట్ల మధ్యలోంచి కూడా స్పష్టంగా వినిపించింది. షెరీఫు మనుషులు వచ్చేసరికి ఆవిడ దొడ్డి మెట్ల మీద కూర్చుని అమ్మను పిలుస్తోంది. పెనం సాక్ష్యంగా పట్టుకుపోయారు, ఆవిణ్ణి ఎలాగూ పట్టుకుపోయారు.

ఇంట్లోకి చొరబడటం, ముసలివాణ్ణి గాయపరచడం. మామూలు కోర్టుకు వెళితే పదేళ్ళ దాకా పడే నేరాలు. ఊళ్ళో సగం మంది "అయ్యో మిస్ ఒలీటా" అన్నారు, మిగతా సగం "నా పిల్లలకు ఆవిడేనా వండింది" అని గుండెలు బాదుకున్నారు. కోర్టువాళ్ళు ఇచ్చిన లాయరు గురువారం కోర్టు సంగతి చెప్పాడు. ఏడాది పైన వైద్యం చేయించుకోవాలి, ప్రతి గురువారం జడ్జి ముందు నిలబడాలి, చెప్పిన మాట తప్పకూడదు. చివరిదాకా నిలబడితే కేసు కొట్టేస్తారు. మధ్యలో పారిపోతే జైలే.

దానికి దెబ్బ తిన్నవాడి మాట కూడా అడగాలి. ప్రాసిక్యూటర్ ఎమ్మెట్ ఇంటికి వెళ్ళింది. ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. "ఆ కోర్టుకే పంపండి. జైల్లో పెడితే నా చెయ్యి తొందరగా అతుక్కుంటుందా ఏంటి? కానీ ఆవిడ నాకు కనిపించొద్దు" అన్నాడట.

జడ్జి ఆ మాటనే ఉత్తర్వులో పెట్టింది. ఒలీటా ఎమ్మెట్ ఇంటి ఛాయలకు కూడా పోకూడదు. ఆయన తనను జైలు తప్పించాడన్న సగం ఆవిడ చెవిన పడలేదు. "కనిపించొద్దు" అన్న సగమే పడింది, పడి అక్కడే ఉండిపోయింది.

ఆవిడ బాగోగులు చూడటానికి కోర్టు డెనీస్ అనే అమ్మాయిని వేసింది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆవిడ కారు తలుపు తెరిస్తే ఆలూ వేపుళ్ళ పొట్లాలు కాళ్ళ మీద పడతాయి. ఆ కారులోనే ఒలీటాను డాక్టరు దగ్గరికి తిప్పింది. "చేతులు వణికాయని మానేశాను" అని ఒలీటా మొదటిసారి నోరు విప్పి చెప్పింది కూడా ఆ కారులోనే.

"ఆ మాట డాక్టరుకి చెప్పావా?"

"ఆయన అడగలేదు."

"అడగకపోతే చెప్పవా? రొట్టె మాడితే వాసనైనా వస్తుంది. నీకేమైందో ఎవరికి తెలుస్తుంది మిస్ ఒలీటా, నువ్వు చెప్పకపోతే?"

ఈసారి చెప్పింది. డాక్టరు మందు మార్చాడు. కొన్ని వారాలు అటూఇటూ అయింది గానీ, చేతుల వణుకు తగ్గింది, గుంపు కూడా దూరం జరిగింది. "పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుంది, మాటలు తెలియట్లేదు" అంది డెనీస్‌తో.

జడ్జి పేరు బెక్‌నెల్. జుట్టు నెరిసిన, అద్దాలు ముక్కు చివర పెట్టుకునే మనిషి. ఒక గురువారం ఆవిడ ఒలీటా కేసు కాగితాలు చూసి మొహం విప్పార్చింది.

"మిస్ ఒలీటా, మాత్ర ఒక్క రోజు కూడా మానలేదట. డాక్టరు దగ్గరికి ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్ళలేదట. చాలా సంతోషం. ఏవండీ, అందరూ ఈవిడకోసం."

గది గదంతా చప్పట్లతో మారుమోగింది.

వాళ్ళ తప్పేముంది, మంచి మనసుతోనే కొట్టారు. కానీ ఒలీటాకు గదిలోని చప్పట్లకూ తలలోని చప్పట్లకూ తేడా తెలియలేదు. దూరం జరిగిన గుంపు తలుపు తోసుకుని వచ్చి కళ్ళెదుట నిలబడింది. ఇంతమంది, ఇన్ని చేతులు. ఇంకేముంది, "భేష్ ఒలీటా" అంటారు. ఆ మాట రాకముందే ఆవిడ తిరిగి పరుగెత్తింది. తలుపులు, వసారా, మెట్లు, బయట.

వెనకాలే డెప్యూటీ గార్లండ్ పరుగెత్తాడు. కోర్టు కాపలా అతనిది. బరువైన మనిషి, వాకిలి దాటేసరికే రొప్పుతున్నాడు. ఒలీటా కోర్టు వెనక చెత్త డబ్బాల పక్కన, చెవులు రెండు చేతులా మూసుకుని కూర్చుని ఉంది. గార్లండ్ ఆవిడ పక్కనే కూలబడ్డాడు.

"మిస్ ఒలీటా, చిన్నప్పుడు మీరు పెట్టింది తిని తినే నేనింత అయ్యాను. ఇప్పుడు మీరే నన్ను పరిగెత్తిస్తే ఎలాగండీ" అన్నాడు, ఊపిరి తిప్పుకుంటూ.

సంకెళ్ళు అతని నడుముకే ఉన్నాయి. తీయలేదు. ఆవిడ లేచేదాకా కూర్చుని, లేచాక పక్కన నడిచి తీసుకొచ్చాడు. ఈ రోజుకు కూడా గార్లండ్ పేరు చెబితే ఒలీటా ముందు ఆ సంగతే చెబుతుంది.

లోపల ప్రాసిక్యూటర్ నిలబడి ఉంది. "జడ్జిగారూ, నాకూ బాధగానే ఉంది. కానీ కోర్టు నుంచి పారిపోవడమంటే జైలే. ఇప్పటిదాకా అందరికీ అదే చేశాం. ఈవిడ ఒక్కదాన్నీ మినహాయిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు."

జడ్జి అద్దాలు తీసి పక్కన పెట్టింది. "ఎందుకు పరిగెత్తావమ్మా?"

ఒలీటా తల దించుకునే చెప్పింది. "మీరు కొట్టింది మంచికేనని తెలుసండీ. కానీ అవీ అలాగే కొడతాయి."

"అవంటే?"

"లోపల ఉన్నవి. నేను చెడగొట్టినప్పుడల్లా చప్పట్లు కొడతాయి. ఆ రోజు కూడా కొట్టాయి, ముసలాయన్ని కొట్టినప్పుడు."

జడ్జి బెక్‌నెల్ చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వాటికేసి చూసుకుంది.

"ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని అందరిచేతా చప్పట్లు కొట్టిస్తున్నాను. మీకిది బాగుందా అని ఏ ఒక్కరినీ అడగలేదు" అంది. "తప్పు నాది మిస్ ఒలీటా. నన్ను మన్నించు."

జడ్జి ఎత్తు కుర్చీలోంచి ముద్దాయిని మన్నించమని అడగడం మా కౌంటీలో అదే మొదలు. ప్రాసిక్యూటర్ కూర్చుంది. కూర్చున్నా, "మరి శిక్ష?" అని అడగటం మానలేదు, అది ఆవిడ పని.

"ఉంటుంది. ఈ బుధవారం నుంచి చర్చిలో పేదవాళ్ళకు పెట్టే భోజనాల దగ్గర పనిచెయ్యాలి. చాలా?"

ఆ తర్వాతి గురువారం నుంచి ఒలీటా వంతు వచ్చినప్పుడు చప్పట్లు లేవు. అందరూ రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి, చప్పుడు లేకుండా ఊపేవారు. దొంగతనం కేసువాళ్ళు, ప్రాసిక్యూటర్, గార్లండ్, అందరూ. దారి తప్పి ఆ గదిలోకి వచ్చినవాళ్ళు ఇదేదో ప్రార్థన కూటం అనుకుని టోపీ తీసేసేవారు. ఒలీటా మొదటిసారి చూసినప్పుడు ఏం చెయ్యాలో తెలియక తానూ చేతులెత్తింది. జడ్జి నవ్వు ఆపుకోలేకపోయింది.

చర్చి వంటింట్లో మాత్రం ఒలీటా గిన్నెలే తోమింది. పొయ్యి వైపు కన్నెత్తి చూసేది కాదు. అక్కడ రొట్టెలు చేసేది పాస్టరుగారి భార్య. మనసు మంచిది, రొట్టె మాత్రం డబ్బా పిండితో చేసేది, అందులో పంచదార. ఒలీటా ఆ వాసనకు ముక్కు మెలిపెట్టుకుని తోముకునేది.

డెనీస్ చూసి చూసి విసిగిపోయింది. "అందరికంటే బాగా వండే మనిషిని తీసుకొచ్చి గిన్నెలు తోమిస్తున్నాం. ఆ కేకులాంటిదాన్ని రొట్టె అంటుంటే నీ నోరెలా ఊరుకుంటోంది?"

"నా చేతిది ఎవరు తింటారు డెనీస్?"

"నేను తింటాను."

"నువ్వు కారులో దొరికిందల్లా తింటావు."

డెనీస్ నవ్వింది గానీ ఒలీటా నవ్వలేదు. "ఆ రోజు కూడా రొట్టె చేశాను. నిండు రొట్టె. పోలీసులు చెత్తలో పారేసి ఉంటారు. పారెయ్యకపోతే ఏం చేస్తారు, మతిలేనిది చేసిందాన్ని" అంది. గుంపు ఎప్పుడూ అనేదాన్ని గుంపు లేనప్పుడు తానే అంటోందని డెనీస్‌కు తెలిసింది, కానీ దానికి మందు ఏ డాక్టరు దగ్గరా లేదు.

శీతాకాలం గడిచింది, వేసవీ గడిచింది. మళ్ళీ అక్టోబరు వచ్చి వెళ్ళింది. ఒలీటా ఒక్క గురువారం కూడా తప్పలేదు. చివరి గురువారం దగ్గర పడింది. ఆ రోజు జడ్జి కేసు కొట్టేస్తే అయిపోయినట్టే.

దానికి ముందు డెనీస్ వచ్చి కారులోనే కూర్చుని చెప్పింది. "ఎమ్మెట్ స్లోన్ వస్తానన్నాడట. కేసు కొట్టేసే ముందు దెబ్బ తిన్నవాళ్ళు మాట్లాడాలంటే మాట్లాడనివ్వాలి. అది ఆయన హక్కు."

"కనిపించొద్దన్నాడుగా."

"అన్నాడు. ఇప్పుడు తనే వస్తానంటున్నాడు."

"ఆయన వద్దంటే?"

డెనీస్ అబద్ధం చెప్పే మనిషి కాదు. "వద్దంటే జడ్జిగారు మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది" అంది.

గురువారం వచ్చింది. ఒలీటా కోర్టు వసారాలో బల్ల మీద కూర్చుని ఉండగా ఎమ్మెట్ మెట్లెక్కి వచ్చాడు. తానాయన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. కుడి మణికట్టు కొంచెం వంకర. చంకలో కోళ్ళ దాణా గోతం ఒకటి ఉంది. ఇనుమును పసిగట్టే గుమ్మంలోంచి దాటగానే ఆ గుమ్మం కుయ్యోమని అరిచింది. గార్లండ్ గోతం విప్పి చూసి కంగారుపడ్డాడు.

"ఇదేంటి పెద్దాయనా? ఆవిడ మిమ్మల్ని కొట్టింది దీంతోనే కదా? ఆయుధం పట్టుకుని కోర్టులోకొస్తారా?"

"దెబ్బ తిన్నవాణ్ణి నేనే భయపడట్లేదు, మధ్యలో నీకెందుకురా భయం?"

"నియమం అండీ."

"సరే, నువ్వే మొయ్యి. నా చేతికి ఎలాగూ బరువే."

ఆ మాట వినగానే ఒలీటాకు అర్థమైంది. పెనం తెచ్చాడు. కోర్టంతా చూసేలా ఎత్తి చూపిస్తాడు. చూపించాక ఎవరు మాత్రం కేసు కొట్టేస్తారు? డెనీస్ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి నడిపించింది.

జడ్జి పేరు పిలవగానే ఎమ్మెట్ ముందుకొచ్చాడు. గార్లండ్ గోతంలోంచి పెనం తీసి బల్ల మీద పెట్టాడు. అది పెనంలా లేదు. మధ్యలోదాకా ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

"చెప్పండి మిస్టర్ స్లోన్" అంది జడ్జి.

"నాకు రెండు సంగతులు చెప్పాలని ఉందమ్మా" అన్నాడు ముసలాయన. "ఒకటి ఈ పెనం గురించి. ఇది మా ఐవాది, వాళ్ళమ్మది. షెరీఫు ఆఫీసువాళ్ళు తిరిగిచ్చారు. దుమ్ము పట్టి ఉందని నేను సబ్బుతో కడిగాను."

గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి హా అన్నారు. ప్రాసిక్యూటర్ కూడా అన్నది. ఆవిడా మా కొండల మనిషే.

"తెలుసు, తెలుసు. ఐవా ఉంటే ఇంకో చెయ్యి కూడా విరగ్గొట్టేది. కడిగి తొట్లో వదిలేశాను. మర్నాటికి ఇలా అయింది. నాకు దీన్ని బాగుచెయ్యడం రాదు. ఊళ్ళో ఎవర్నడిగినా మిస్ ఒలీటాకే వచ్చంటున్నారు. ఆవిడేమో నా దగ్గరికి రాకూడదు, మీరే రాసిచ్చారు."

"అడిగింది మీరే కదా మిస్టర్ స్లోన్, కనిపించొద్దని?"

"నేనే" అన్నాడు. "అదే రెండో సంగతి. అందరూ నేను భయపడ్డాననుకున్నారు. భయం కాదు. ఆ రోజు కోళ్ళ దొడ్లో ఉండగా నాకు రొట్టె వాసన వచ్చింది. ఐవా పోయినప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ వాసన లేదు. నేను మేత గిన్నె పారేసి పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాను. గుమ్మంలో నిలబడి చూస్తే పొయ్యి దగ్గర ఇంకెవరో. అది తట్టుకోలేకపోయాను. చేతి నొప్పి దాని ముందు ఏమీ కాదు. మళ్ళీ ఆవిణ్ణి చూస్తే మళ్ళీ ఐవా పోయినట్టుంటుందని చూడనన్నాను. ముసలాడి తెలివి అంతే."

ఒలీటా ఇంకా నేలకేసే చూస్తోంది.

"అంబులెన్సు రావడానికి చాలాసేపు పట్టింది" అన్నాడు ఎమ్మెట్. "ఈవిడ మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మని పిలుస్తోంది. నేను నేల మీద కూర్చున్నాను. పళ్ళెంలో రొట్టె ఇంకా పొగలు కక్కుతోంది. ఎడం చేత్తో తుంచుకుని తిన్నాను. కడదాకా తిన్నాను జడ్జిగారూ. అంబులెన్సు పిల్లలకి ముక్క కూడా మిగల్చలేదు. పంచదార లేదు అందులో. అప్పుడే అనుకున్నాను, ఈవిడెవరో మనమనిషే, దొంగ కాదని. కేసు కొట్టెయ్యండి. పెనం ఈవిడకివ్వండి."

ఒలీటా తలెత్తింది. ఏడాది పైగా ఎవరి మొహంలోకి చూడాలని భయపడిందో ఆ మొహంలోకి చూసింది. ఆ రొట్టె చెత్తలోకి పోలేదు. ఒక మనిషి చెయ్యి విరిగి కూడా దాన్ని తిన్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పక్కన డెనీస్ అంతకంటే పెద్దగా ఏడుస్తోంది.

జడ్జి మొదట ఎమ్మెట్ దగ్గరికి వెళ్ళకూడదన్న ఉత్తర్వు తీసేసింది. తర్వాత కేసు కొట్టేసింది. కుర్చీ దిగి వచ్చి ఒలీటా చెయ్యి పట్టుకుని, "ఇంక నువ్వు ఎక్కడికైనా వెళ్ళొచ్చమ్మా" అంది. గదిలో అందరి చేతులూ పైకి లేచాయి. ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

పాపం ఎమ్మెట్‌కు ఆ కోర్టు పద్ధతి ఎవరు చెప్పారు? ఇంత మంచి మాట విని అందరూ చేతులెత్తి ఊరుకున్నారేమిటని అటూ ఇటూ చూశాడు. వీళ్ళకు మర్యాద తెలియదనుకున్నాడు. తానొక్కడే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

గార్లండ్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. జడ్జి ఎమ్మెట్‌ను ఆపబోయి, ఒలీటా మొహం చూసి ఆగిపోయింది.

ఒలీటా వింటోంది. గుంపు కాదు. వెక్కిరింత కాదు. ఒక ముసలాయన రెండు చేతులు, అందులో ఒకటి సరిగా అతుక్కోలేదు కాబట్టి తాళం తప్పుతోంది. ఎన్నాళ్ళుగానో లోపల మోగినదానిలో ఇలాంటి చప్పుడు ఒక్కటి కూడా లేదు. ఆవిడ పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి ఆయన ముందు నిలబడి, వంకర తిరిగిన ఆ మణికట్టును రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"చాలండీ, ఇంక కొట్టకండి" అంది. "ఈ చెయ్యి నొప్పెడుతుంది."

"వాన పడితేనే" అన్నాడాయన.

ఆ పెనం బాగవడానికి వారం పైనే పట్టింది. ఉప్పేసి రుద్దింది, కొవ్వు రాసి కాల్చింది, మళ్ళీ రాసి మళ్ళీ కాల్చింది. ఇప్పుడు బుధవారాల్లో చర్చి పొయ్యి దగ్గర నిలబడేది ఒలీటాయే. పాస్టరుగారి భార్య సంతోషంగా గిన్నెలు తోముతుంది. వరసలో అందరికంటే ముందు ఎమ్మెట్ పళ్ళెం పట్టుకుని నిలబడతాడు. ఆయన పేదవాడు కాదని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఒలీటా మొదటి ముక్క ఆయన పళ్ళెంలో వేస్తుంది. ఆయన తినేదాకా చూసి, అప్పుడు తక్కిన వాళ్ళకు వడ్డిస్తుంది.